కట్టమంచి నుంచి హైస్కూలుకు వచ్చిన విద్యార్థి

ఈసారి ప్రత్యేక సంచికలో మనం చదువుకున్న బడుల గురించి రాయాలని సంఘం నిర్ణయించిందనీ, నన్ను కూడా నాలుగు పేజీలు రాసి ఇమ్మనీ కార్యదర్శి గారు అడిగారు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆఫీసు నోట్లు, డ్రాఫ్టులు, రిమైండర్లు రాసిన చేయి ఇది. వ్యాసం రాసే అలవాటు లేదు. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

నా బడి గురించి రాద్దామని కూర్చుంటే రెండు పేజీల్లో అయిపోయింది. చేరాను, చదివాను, 1966లో ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయ్యాను. అంతకు మించి లోకానికి పనికొచ్చే సంగతి అందులో లేదు. అందువల్ల చిత్తూరు హైస్కూల్లో మనకంటే ఎంతో ముందు చదివిన ఒక పెద్దమనిషి గురించి రాయాలనుకున్నాను. దీనికి మా మనవడు కూడా ఒక కారణం. పోయిన ఏడాది లైఫ్ సర్టిఫికెట్ పని మీద ట్రెజరీకి వెళుతూ వాణ్ణి వెంట తీసుకుపోయాను. దారిలో కట్టమంచి మీదుగా పోతున్నప్పుడు ఇది ఎవరి ఊరో తెలుసా అని అడిగాను. వాడికి కట్టమంచి అంటే చిత్తూరులో ఒక పేట, అంతే. ఇంజనీరింగ్ చదివే పిల్లవాడు. తప్పు వాడిది కాదు, చెప్పని మాది.

కట్టమంచి రామలింగారెడ్డి గారు 1880 డిసెంబరు 10న ఆ ఊరిలో జన్మించారు. ఇప్పుడు ఊళ్ళో కలిసిపోయిన కట్టమంచి అప్పుడు చిత్తూరును ఆనుకుని ఉన్న పల్లె. పల్లెకు పక్కన చెరువు. అప్పటికి చిత్తూరు జిల్లా అనేది లేదు. మన ప్రాంతమంతా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, చిత్తూరు దానికి ముఖ్యపట్టణం. మన జిల్లా ఏర్పడింది 1911లో. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి గారు చిత్తూరులో న్యాయవాది, తెలుగులో పద్యం రాయగల పండితుడు. తల్లి నారాయణమ్మ గారు. సేద్యం, కోర్టు, భారతం మూడూ ఉన్న ఇల్లు అన్నమాట.

మొదటి చదువు వీధిబడిలోనే. వీధిబడి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు గనుక ఒక మాట చెప్పాలి. ఏదో ఒక ఇంటి అరుగు మీదనో చావడిలోనో అయ్యవారు కూర్చుంటాడు. పిల్లలు ఇసుకలో వేలుతో అక్షరాలు దిద్దుతారు. తర్వాత అమరం, ఆంధ్రనామసంగ్రహం, భాగవతంలోని గజేంద్రమోక్షం, రుక్మిణీకల్యాణం వల్లె వేస్తారు. అర్థం అప్పుడే తెలియకపోయినా ఫరవాలేదు, ముందు నోటికి రావాలి. తరగతులు లేవు, గంట లేదు, సర్టిఫికెట్ లేదు. రెడ్డిగారు తరువాతి కాలంలో కేంబ్రిడ్జి దాకా వెళ్ళి వచ్చినా తెలుగు పద్యం మీద ఆయనకున్న పట్టు ఆ అరుగు మీద వచ్చిందే.

1890లో ఆయన చిత్తూరు హైస్కూల్లో చేరారు. వీధిబడి నుంచి హైస్కూలుకు రావడం ఆ రోజుల్లో ఊరు మారడం కంటే పెద్ద మార్పు. అక్కడ ఫారములు ఉంటాయి, ఒకటి నుంచి ఆరు దాకా. టైంటేబులు ఉంటుంది. హాజరు పట్టీ ఉంటుంది. లెక్కలు, చరిత్ర, భూగోళం అన్నీ ఇంగ్లీషులో చెబుతారు. తెలుగు ఒక సబ్జెక్టు మాత్రమే. చిత్తూరులో తెలుగు, అరవం రెండూ వాడుక భాషలు గనుక రెండు భాషల పిల్లలూ ఒకే గదిలో కూర్చుని మూడో భాషలో పాఠం వినేవారు. చివర మద్రాసు విశ్వవిద్యాలయం వారి మెట్రిక్యులేషన్ పరీక్ష. ఆ ఒక్క పరీక్ష ప్యాసైతే కలెక్టరాఫీసులో గుమాస్తా ఉద్యోగానికి అర్హత. మెట్రిక్యులేషన్ ఫెయిలైనవాడు కూడా ఫలానా పరీక్షకు వెళ్ళాడని చెప్పుకునే రోజులు అవి.

మన తాతల నాటి హైస్కూలు అంటే అది. ఊళ్ళో ఒకటే ఉంటుంది. తాసీల్దారు కొడుకూ, వకీలు కొడుకూ, పల్లె నుంచి సద్ది మూట కట్టుకుని వచ్చే రైతు కొడుకూ అందులోనే చదవాలి, వేరే దిక్కు లేదు. అందువల్ల ఆ బడికి ఒక గౌరవం. ఎక్కడ చదివావంటే ఊరి పేరు చెబితే చాలు, బడి పేరు అడిగే పని లేదు. ఈ గౌరవం మాట చెప్పేటప్పుడు రెండో సంగతి కూడా చెప్పాలి. ఆ గదుల్లో ఆడపిల్లలు లేరనే చెప్పాలి. పంచములని అప్పట్లో పిలిచిన కులాల పిల్లలూ లేనట్టే. ప్రభుత్వ పాఠశాలలో కులం కారణంగా ఎవరినీ కాదనకూడదని కంపెనీ కాలం నుంచీ కాగితం మీద ఉంది. ఆచరణ వేరు. సర్కారు కాగితానికీ బడి గుమ్మానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో మనలాంటి గుమాస్తాలకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక్కడ తిరుపతి మాట ఒకటి చెప్పి ముందుకు పోతాను. రెడ్డిగారు చిత్తూరులో హైస్కూలు చదువు ముగించి మద్రాసు చేరిన కాలంలోనే, 1896లో, తిరుత్తణి నుంచి ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు తిరుపతికి వచ్చి హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ వారి పాఠశాలలో చేరాడు. నాలుగేళ్ళు అక్కడ చదివాడు. ఆయనే సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. తిరుత్తణి కూడా అప్పుడు మనతోపాటు ఉత్తర ఆర్కాటులోనే ఉండేది, తరువాత చిత్తూరు జిల్లాలోకి వచ్చింది, 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది. ఒకరిది చిత్తూరు హైస్కూలు, ఒకరిది తిరుపతి మిషన్ బడి. ఈ ఇద్దరి దారులు తరువాత రెండుసార్లు కలిశాయి. ఆ సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

మద్రాసులో రెడ్డిగారు క్రైస్తవ కళాశాలలో చేరారు. ప్రిన్సిపాలు విలియం మిల్లర్ గారు. మన జిల్లాల నుంచి వెళ్ళిన ఎందరినో తీర్చిదిద్దిన మహానుభావుడు ఆయన. ఆ కళాశాలలో తెలుగు విద్యార్థుల భాషాభిరంజని సమాజం ఒకటి ఉండేది. ఆ సమాజం 1899లో కావ్య రచనకు పోటీ పెడితే రెడ్డిగారు ముసలమ్మ మరణము రాసి బహుమతి పొందారు. అప్పటికి పంతొమ్మిదేళ్ళు నిండలేదు. మరుసటి ఏడాది అది అచ్చయింది. కొత్త కాలపు తెలుగు కావ్యాల్లో మొదటిదిగా దాన్ని చెప్పేవారు ఉన్నారు.

ఆ కథ మన సీమది. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు నిండి కట్ట తెగబోతుంది. ఊరి వారు ఎన్ని బండ్ల మట్టి పోసినా నిలవదు. బసిరెడ్డి అనే రైతు ఇంటి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితే ఊరు నిలుస్తుందని దైవవాణి చెబుతుంది. ఆ పిల్ల భర్త వద్ద, అత్తమామల వద్ద సెలవు తీసుకుని గండిలోకి నడుస్తుంది. బ్రౌను దొర గారు సేకరించిన స్థానిక చరిత్రల్లో అనంతపురం చరిత్రగా ఉన్న కథ ఇది. ఆ రోజుల్లో కావ్యం అంటే రాజు, రాజకుమార్తె, వనవిహారం. ఒక కాపు కోడలిని కావ్యనాయికగా పెట్టడం చిన్న సంగతి కాదు. చెరువు నిండితే ఒక భయం, ఎండితే ఒక భయం ఉన్న ప్రాంతంలో పుట్టినవాడికి గాని ఆ కథ మీద చేయి వేయాలని తోచదు. కట్టమంచి చెరువు మరవ పారడం చిన్నప్పుడు చూసిన కళ్ళు అవి అని నా ఊహ. ఊహ మాత్రమే, ఎక్కడా రాసి లేదు.

ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద 1902లో కేంబ్రిడ్జి వెళ్ళారు. సెయింట్ జాన్స్ కళాశాల. చరిత్రలో ప్రథమ శ్రేణి. ఆ విశ్వవిద్యాలయ యూనియన్ సొసైటీకి ఉపాధ్యక్షులుగా ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే. తెల్లవారి పిల్లలు ఓట్లు వేసి మన చిత్తూరు వాణ్ణి గెలిపించారంటే ఆయన మాటకు ఉన్న పదును ఊహించుకోవచ్చు. బరోడా మహారాజు గారు ఆయనను గుర్తించి అమెరికా పంపి అక్కడి విద్యావిధానం చూసి రమ్మన్నారు. తిరిగి వచ్చాక బరోడా కళాశాలలో వైస్ ప్రిన్సిపాలు పదవి ఇచ్చారు. అంతకు ముందు అరవిందులు పనిచేసిన కళాశాల అది. అక్కడ ఎక్కువ కాలం లేరు. 1909లో మైసూరు మహారాజా కళాశాలకు చరిత్ర ఆచార్యులుగా వచ్చారు.

మైసూరులో పన్నెండేళ్ళు. నా దృష్టిలో ఆయన జీవితంలో అసలైన పని ఇక్కడే జరిగింది. వైస్ ఛాన్సలర్ అయిన తరువాతి సంగతులు అందరూ చెబుతారు గాని మైసూరు సంగతి మనవాళ్ళకు తక్కువ తెలుసు.

మొదట మనుషులను పట్టుకోవడం. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు అనంతపురం జిల్లా వారు, సంస్కృతం, సంగీతం చదువుకుంటూ మైసూరులో ఉండేవారు. ఆ యువకుడి ప్రతిభ కనిపెట్టి 1912లో మహారాజా కళాశాలలో తెలుగు పండితుడిగా చేర్చింది రెడ్డిగారే. ఇంగ్లీషు డిగ్రీ ఉందా లేదా అని చూడలేదు. ఆ శర్మగారే మైసూరులో మూడున్నర దశాబ్దాలు పనిచేసి తరువాత తిరుపతి వచ్చి అన్నమాచార్యుల సంకీర్తనలు పరిష్కరించి, స్వరపరిచి లోకానికి ఇచ్చారు. ఈ రోజు తిరుమలలో, మన ఇళ్ళలో అన్నమయ్య పాట వింటున్నామంటే అందులో కట్టమంచి వారి చూపు కూడా కొంత ఉంది.

రెండోది రాధాకృష్ణన్ గారు. 1918లో ఆయన మైసూరు విశ్వవిద్యాలయానికి తత్వశాస్త్ర ఆచార్యులుగా వచ్చారు. చిత్తూరు హైస్కూలు విద్యార్థీ తిరుపతి మిషన్ బడి విద్యార్థీ మొదటిసారి ఒకే ఊళ్ళో పనిచేసింది అప్పుడే. ఆ విశ్వవిద్యాలయం 1916లో ఏర్పడింది. దాని ప్రణాళిక తయారు చేయడంలో రెడ్డిగారి శ్రమ చాలా ఉంది. సంస్థానాల్లో స్థాపించిన విశ్వవిద్యాలయాల్లో అదే మొదటిది.

మూడోది నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. మహారాజా కళాశాల ప్రిన్సిపాలు పదవి తరువాత రెడ్డిగారు సంస్థానపు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. మన లెక్కలో డి.పి.ఐ. అనుకోండి. ఆ హోదాలో ఆయన ప్రభుత్వ పాఠశాలల తలుపులు అన్ని కులాల పిల్లలకూ తెరవాలని పట్టుబట్టారు. పంచమ పిల్లలకు వేరే బడి పెడితే చాలదు, ఉన్న బడిలోనే చేర్చుకోవాలి, ఆ గదిలోనే కూర్చోబెట్టాలి. అగ్రవర్ణాల వారి నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది. పెద్ద పెద్దవారు వద్దన్నారు. ఆయన వెనక్కు తగ్గలేదు.

ఇది చదివే పిల్లలకు ఇదేమంత గొప్ప అనిపించవచ్చు. కాబట్టి నేను కళ్ళారా చూసింది ఒకటి చెబుతాను. నేను చదివిన బడి పేరు ఇక్కడ రాయను, రాయవలసిన అవసరం లేదు. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు అంటరానితనం రాజ్యాంగం ప్రకారం రద్దయి పదేళ్ళు దాటింది, దాని మీద 1955లో చట్టం కూడా వచ్చింది. నా పక్క బెంచీలో ఒక అబ్బాయి ఉండేవాడు. అప్పట్లో హరిజనవాడ అనేవారు, అక్కడి నుంచి నడిచి వచ్చేవాడు. లెక్కల్లో నాకంటే ఎప్పుడూ ముందే. వరండాలో తాగే నీళ్ళ ఇత్తడి బిందె ఉండేది. మేమంతా చెంబు ముంచుకుని తాగేవాళ్ళం. అతను మాత్రం బిందె ముట్టకూడదు. నౌకరు వచ్చి చెంబుతో పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి. నౌకరు లేని రోజు ఇంటికి పోయే దాకా నీళ్ళు లేవు. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. హెడ్మాస్టరు గారు చెప్పిందీ కాదు. ఎవరూ చెప్పకుండానే జరిగేది. ఆరేళ్ళు చూశాను. చెంబు నా చేతిలో ఉన్నప్పుడు నేనే పోయవచ్చు, లేదా చెంబు అతనికి ఇవ్వవచ్చు. ఒక్కరోజూ ఆ పని చేయలేదు. ఇంట్లో తెలిస్తే ఏమంటారోనని భయం. మనసులో తప్పనిపించేది కాదు అని చెబితే అబద్ధం అవుతుంది. అనిపించేది.

మేము ఆ బడిలో చదివిన కాలానికి నలభై ఏళ్ళకు పైగా ముందే ఒక అధికారి ఇది కుదరదని ఉత్తర్వు రాశాడని నాకు ఉద్యోగంలో చేరిన చాలా కాలానికి గాని తెలియలేదు. జిల్లా పరిషత్తు ఆఫీసులో విద్యాశాఖ సీటు చూస్తున్నప్పుడు ఒక పాత పుస్తకంలో రెడ్డిగారి చరిత్ర చదివాను. మన ఊరివాడు అని గర్వం కలిగింది. దాని వెంటనే ఆ బిందె గుర్తుకు వచ్చింది. అప్పటి నుంచి ఆయన పేరు వింటే నాకు ఆ రెండూ కలిసే వస్తాయి.

1921లో రెడ్డిగారు మైసూరు ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వచ్చారు. జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు శాసనమండలిలో సభ్యులయ్యారు. పానగల్లు రాజా గారి మంత్రివర్గంతో పడలేదు. పార్టీ వదిలి, 1923 నవంబరులో ఆ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. మన దేశపు శాసనసభల్లో అలాంటి తీర్మానం అదే మొదటిదని చెబుతారు. 44 ఓట్లు అనుకూలం, 65 వ్యతిరేకం. ఓడిపోయారు. రాజకీయాల్లో ఆయన రాణించలేదనే చెప్పాలి. ఒక పార్టీలో ఇమిడే స్వభావం కాదు. చమత్కారం ఎక్కువ, ఎదుటివాడు మిత్రుడా శత్రువా అని చూసుకోకుండా మాట విసిరేవారు. ఓట్లు కావలసినవాడికి అది నష్టం.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడింది. మొదటి వైస్ ఛాన్సలర్‌గా రెడ్డిగారు ఎన్నికయ్యారు. విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైంది. కేంద్రం ఎక్కడ ఉండాలనే దాని మీద బెజవాడా, రాజమండ్రీ, విశాఖపట్నమా, అనంతపురమా అని పెద్ద గొడవ జరిగింది. చివరకు వాల్తేరు అయింది. మన సీమ వారికి అంత దూరం నచ్చలేదు. మన కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయంతోనే సాగాయి. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చే వరకు అదే పరిస్థితి. అంటే ఆంధ్రుల మొదటి విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టినవాడు చిత్తూరు వాడు, ఆ విశ్వవిద్యాలయంలో చిత్తూరు మాత్రం లేదు. దీని గురించి ఆయన మనసులో ఏమనుకున్నారో గాని, ఎక్కడో సముద్రపు ఒడ్డున కొండ మీద రాళ్ళూ పొదలూ ఉన్న చోట కళాశాలలు కట్టించే పనిలో పడ్డారు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. ప్రభుత్వం సత్యాగ్రహులను లాఠీలతో కొట్టించడం, జైళ్ళలో పెట్టడం చూసి, దానికి నిరసనగా రెడ్డిగారు వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా చేశారు. ఆయన కాంగ్రెసువాది కాదు. జైలుకు పోయే తత్వమూ కాదు. నాలుగేళ్ళు కష్టపడి మొదలుపెట్టిన విశ్వవిద్యాలయం, కట్టడాలు ఇంకా లేవలేదు. అలాంటి పదవిని వదిలి ఇంటికి వచ్చారు. నేను సర్వీసులో ఉండగా రాజీనామా కాగితం మనసులో మూడుసార్లు రాసుకున్నాను, ఒక్కసారి కూడా తెల్లకాగితం మీద పెట్టలేదు. ఇంక్రిమెంటు తేదీ, పిల్లల ఫీజులు గుర్తుకొచ్చేవి. మనలో చాలామంది సంగతి ఇంతేనని అనుకుంటాను. ఆయనకు భార్యాపిల్లలు లేరు, పెళ్ళి చేసుకోలేదు, కాబట్టి సులభం అని ఒక మిత్రుడు వాదించాడు. కావచ్చు. అయినా సులభమైన పని కూడా అందరూ చేయరు.

ఆయన స్థానంలో 1931లో వచ్చింది రాధాకృష్ణన్ గారు. తిరుపతి మిషన్ బడి, చిత్తూరు హైస్కూలు దారులు రెండోసారి కలిసింది ఇక్కడ. 1936లో రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డుకు వెళ్ళగా రెడ్డిగారు మళ్ళీ ఎన్నికయ్యారు. ఈసారి 1949 వరకు, పదమూడేళ్ళు. జయపురం మహారాజా విక్రమదేవవర్మ గారు ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చి ఆదుకున్నారు. సైన్సు, సాంకేతిక శాఖలు పెరిగాయి. 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. కట్టడాలు సైన్యం తీసుకుంది. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చింది. లైబ్రరీ, లేబొరేటరీ, రికార్డులు, సిబ్బంది సంసారాలతో సహా ఒక విశ్వవిద్యాలయాన్ని కదిలించి, అద్దె కొంపల్లో నడిపి, యుద్ధం అయ్యాక మళ్ళీ వాల్తేరు చేర్చడం ఎంత పనో, ఒక సెక్షన్‌ను పై అంతస్తు నుంచి కింది అంతస్తుకు మార్చిన అనుభవం ఉన్నవారికి తెలుస్తుంది. ఒక్క పరీక్షాపత్రం పోయినా బాధ్యులు ఎవరని అడుగుతారు.

అదే 1942లో ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో దేశమంతా జైళ్ళు నిండాయి. పన్నెండేళ్ళ కిందట నిరసనగా పదవి వదిలినవాడు ఇప్పుడు బిరుదు ఎలా పుచ్చుకున్నాడని విమర్శ వచ్చింది. ఈ విమర్శ అన్యాయం అని నేను అనను. ఆయనలో ఆ రెండూ ఉన్నాయి. ఇంగ్లీషువారి పాలన తప్పులు ఆయనకు తెలుసు, ఇంగ్లీషువారి చదువు మీద ప్రేమా పోలేదు. అందరూ మెచ్చే మనిషిగా ఆయనను చేయబోతే అది ఆయన కాదు.

సాహిత్యంలో కూడా అంతే. 1914లో కవిత్వతత్త్వ విచారము అచ్చయినప్పుడు పండితలోకం అట్టుడికిపోయింది. ప్రబంధాల్లో వర్ణనలు ఎక్కువ, కథ తక్కువ, పాత్రల మనసు ఇంకా తక్కువ అని మొహమాటం లేకుండా రాశారు. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. దాని మీద ఎన్ని ఖండనలు వచ్చాయో లెక్క లేదు. తెలుగులో సాహిత్య విమర్శ అనే శాఖకు దారి వేసిన పుస్తకాల్లో అది ముందు వరుసలోది. అర్థశాస్త్రం మీద తెలుగులో పుస్తకం రాశారు. ధరలు, కూలి, పన్నులు మన భాషలో చెప్పవచ్చని చూపించడానికి. ఇంగ్లీషులో అంత గడగడలాడించినవాడికి తెలుగులో అర్థశాస్త్రం రాయవలసిన పని ఏమిటంటే, హైస్కూల్లో భూగోళం కూడా ఇంగ్లీషులో వల్లె వేసిన తరం అది, ఆ బరువు ఆయనకు తెలుసు.

1949లో వాల్తేరు వదిలాక మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలర్‌గా వెళ్ళారు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఆంధ్ర రాష్ట్రం చూడలేదు, తిరుపతి విశ్వవిద్యాలయమూ చూడలేదు. ఏలూరులో 1945లో పెట్టిన కళాశాల ఆయన పేరుతో నడుస్తోంది. వాల్తేరులో స్నాతకోత్సవ మందిరానికి ఆయన పేరు పెట్టారు. ఏలూరు పిల్లవాడికి సి.ఆర్.రెడ్డి అనే పేరు రోజూ నోట్లో నలుగుతుంది. కట్టమంచి మీదుగా బస్సులో పోయే మా పిల్లలకు తెలియదు.

మా మనవడు ప్రైవేటు స్కూల్లో చదివాడని చెప్పాను కదా, చెప్పలేదేమో. వాడే కాదు, మా పిల్లలు కూడా. నేను విద్యాశాఖ సీటులో కూర్చుని ప్రభుత్వ పాఠశాలల గ్రాంటు ఫైళ్ళు పెడుతూనే మా పిల్లలను ఇంగ్లీషు మీడియంలో చేర్పించాను. మన సంఘంలో చాలామంది అదే చేశాం. వకీలు కొడుకూ రైతు కొడుకూ ఒకే బెంచీ మీద కూర్చునే హైస్కూలు మన కళ్ళ ముందే, మన చేతుల మీదుగానే పోయింది. ఇప్పుడు ఆ బడుల్లో గచ్చులు, రంగులు, మరుగుదొడ్లు బాగుపడ్డాయి, సంతోషం. ఆ బెంచీల మీద ఎవరి పిల్లలున్నారో, ఎవరి పిల్లలు లేరో మాత్రం అందరికీ తెలుసు. రెడ్డిగారు తలుపు తెరిపించినప్పుడు లోపల ఉన్నవాళ్ళు లోపలే ఉంటారనుకున్నారు.

నేను చెప్పిన ఆ నా సహాధ్యాయి టీచరు ట్రైనింగ్ చేసి, హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. అతని పెన్షన్ కాగితాలు నా చేతుల మీదుగానే వెళ్ళాయి. పుట్టిన తేదీ సరిచూడడానికి ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం తెచ్చాడు. అతనిదీ నాదీ ఒకే బడి ముద్ర, ఒకే హెడ్మాస్టరు గారి సంతకం. ఇద్దరం జూలై ఒకటినే పుట్టినట్టు రాసి ఉంది. ఆ రోజుల్లో అయ్యవారికి తేదీ చెప్పలేని తండ్రుల పిల్లలంతా జూలై ఒకటినే పుట్టారు.

ఈ వ్యాసం రాశాక, నీళ్ళ సంగతి ఉంచాలా తీసేయాలా తెలియక మొన్న అతని ఇంటికి వెళ్ళి చదివి వినిపించాను. మధ్యలో ఆపలేదు. అయ్యాక ఉంచమన్నాడు. ఒక్క దిద్దుబాటు చెప్పాడు. నేను మొదట మట్టికుండ అని రాశాను. కుండ కాదు, ఇత్తడి బిందె, అంచు దగ్గర సొట్ట ఉండేది అన్నాడు. సొట్ట సంగతి నాకు గుర్తు లేదు. బిందె అని మార్చాను.